ఫోనులో నర్సు ఏం అడగాలి?

నందిగామ, జగ్గయ్యపేట చుట్టూ ఉన్న మా మెట్ట ఊళ్లలో పత్తితీతలు, మిరపకోతలు మొదలయ్యాయంటే పగటిపూట ఆస్పత్రి ముఖం చూసేవాళ్లుండరు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. బీపీ మాత్రలు అయిపోయినా, కాలికి పుండు పడినా "కోతలయ్యాక చూద్దాంలే" అంటారు. ఊరి హెల్త్ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్న నేను అందుకే ఫోనును కూడా బీపీ మిషను పక్కనే పెట్టుకుంటాను.

మొహాలీలోని సీ-డాక్ సంస్థ తయారుచేసిన ఈ-సంజీవని టెలిమెడిసిన్ సేవను 2019 నవంబరులో హెల్త్ సెంటర్లలో అందరికంటే ముందు మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. పేషెంటు నా ఎదుట కూర్చుంటారు, డాక్టరు తెర మీద కనిపిస్తారు. బీపీ, షుగరు, కాళ్లవాపు చూసి చెప్పేది నేను, మందు రాసేది డాక్టరు. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా మందు రాసే అధికారం డాక్టరుకే ఇచ్చాయి. 2023 ఫిబ్రవరికి దేశమంతటా ఇలాంటి సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో 3 కోట్లకు పైగా మన రాష్ట్రానివే.

తెర ఆగిపోయాక ఫోనులో నా అసలు పని మొదలవుతుంది. "మాత్రలు వేసుకుంటున్నావా బాబాయ్?" అంటే ఎవరైనా "ఆఁ, వేసుకుంటున్నానమ్మా" అనే చెబుతారు. "అట్ట చేతిలోకి తీసుకో, ఇంకా ఎన్నున్నాయో లెక్కపెట్టు" అంటే నిజం బయటికొస్తుంది. "తల తిరగట్లేదుగా, ఇంకెందుకని మానేశా" అంటాడు. బీపీ ఏ బాధా పెట్టకుండానే గుండెను, కిడ్నీలను దెబ్బతీస్తుందని అప్పుడు ఓపిగ్గా చెప్పాలి. వారం తర్వాత మళ్లీ ఫోను చేసి అట్ట లెక్క అడగాలి.

ఒక మధ్యాహ్నం ఒక కోడలు ఫోను చేసింది. "మేడమ్, మా అత్తకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి." మాట్లాడుతోందా? నీళ్లు మింగగలదా? పొద్దున షుగరు మాత్ర వేసుకుందా? అన్నం తిందా? అని అడిగాను. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండానే చేలోకి వెళ్లిందట. షుగరు పడిపోయిందని అర్థమైంది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించమన్నాను. పావుగంటకు మళ్లీ చేస్తే ఆ అత్తే మాట్లాడింది. వెంటనే అన్నం తినమని చెప్పాను. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

ఫోనుకు అందనివీ ఉన్నాయి. షుగరు పేషెంటు పాదం మీద పుండును ఫొటోలో చూడొచ్చు గానీ వాసన, వేడి, స్పర్శ ఉందో లేదో తెలియవు. దానికి నేనైనా, ఆశా కార్యకర్తయినా ఆ ఇంటికి వెళ్లాల్సిందే. గుండెనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం కనిపిస్తే నాకు ఫోను చేసి ఆలస్యం చేయకుండా 108కే చేయాలి.

2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు మునిగినప్పుడు బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో ఎవరింట్లో ఇన్సులిన్ ఎన్నాళ్లకు సరిపోతుందో, ఏ గర్భిణికి నెలలు నిండాయో ముందుగా ఫోనులో కనుక్కుని పెట్టుకున్న నర్సు ఊరికి ఎంతో అక్కరకొస్తుంది.

అందుకే ఈ ఫోన్లను కూడా నర్సు డ్యూటీలో లెక్కకట్టి, వాటికి సమయం కేటాయించాలని నా కోరిక. ఇళ్లల్లో వాళ్లకూ ఒక మాట. చాలాచోట్ల ఫోను కొడుకు జేబులోనో భర్త దగ్గరో ఉంటుంది. తెల్లబట్ట గురించో, ఆగకుండా పడే మూత్రం గురించో ఆ తల్లి వాళ్ల ముందు ఎలా చెబుతుంది? నర్సు ఫోను చేసినప్పుడు అమ్మ చేతికిచ్చి, ఆవిడ మాట్లాడినంతసేపు మీరు కాస్త పక్కకు వెళ్లండి.