కరెంటు పోయినా కబురు ఆగకూడదంటే... ఇంట్లో ఒక రేడియో ఉండాలి!

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. నాన్న ఉద్యోగం హైదరాబాద్‌లో. వైజాగ్ ఇంట్లో అమ్మ, నానమ్మ, చెల్లి, నేను. సాయంత్రానికల్లా కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, నెట్ లేదు. వీధి నిండా కూలిన చెట్లు.

అసలు కష్టం మూడో రోజు మొదలైంది. ‘ఈ రాత్రికి ఇంకో తుపాను వస్తోందట, మొన్నటి కంటే పెద్దదట’ అని వీధిలో ఒకటే మాట. ఎవరన్నారో తెలీదు, ఎక్కడ విన్నారో తెలీదు. అమ్మ బట్టలు సర్దేసింది. మోకాళ్ల నొప్పులున్న నానమ్మను నడిపించుకుంటూ, తెగిపడిన తీగల మధ్య నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిన్ని వాళ్లింటికి బయల్దేరడానికి సిద్ధమయ్యాం. పక్కింట్లో ఆటో నడిపే బాబాయ్ గుమ్మంలోనే ఆపాడు. ‘ఎక్కడికెల్తారమ్మా? ఇప్పుడే రేడియోలో వార్తలిన్నాను. తుపాను బలం తగ్గిపోయిందన్నాడు. కొత్తదేదీ లేదు, ఇంట్లోనే ఉండండి’ అన్నాడు.

ఆయన చేతిలో ఉన్నది ఇటుకంత పాత రేడియో. మా ఇంట్లోనూ ఒకటుంది, తాతయ్యది. అటక మీద నుంచి దింపి చూస్తే లోపల సెల్స్ కారిపోయి, స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టాయి. రేడియో ఉండీ లేనట్టే అయింది.

తర్వాత ఈసీఈలో చేరాను, ఉద్యోగంలో పడ్డాను. ఇప్పుడు గ్యాడ్జెట్ల గురించి రాస్తుంటాను. ‘బ్రో, ఏ ఫోన్ కొనాలి?’ అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ‘ఏ రేడియో కొనాలి?’ అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. అడగకపోయినా ఈ వారం చెప్పాలనుకుంటున్నా.

ఈ కాలంలో రేడియోనా?

మొబైల్ టవర్‌కు కరెంటు కావాలి. బ్యాకప్ బ్యాటరీ, డీజిల్ అయిపోతే టవర్ మూగబోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నప్పుడు మేడలెక్కిన వాళ్లకు ఫోన్ చార్జింగే పెద్ద సమస్య అయింది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు మొత్తంగా చీకట్లోకి వెళ్లినప్పుడు జనం దుకాణాల్లో బ్యాటరీ రేడియోల కోసం వెతుక్కున్నారు. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో బీబీసీ అక్కడి వాళ్ల కోసం రెండు షార్ట్‌వేవ్ ఫ్రీక్వెన్సీల్లో రోజుకు నాలుగు గంటల ఇంగ్లిష్ ప్రసారాలు ప్రారంభించింది. వెబ్‌సైట్‌ను బ్లాక్ చేయొచ్చు, టవర్‌ను కూల్చొచ్చు. వేల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చే తరంగాన్ని ఆపడం అంత తేలిక కాదు.

మూడు బ్యాండ్లు, మూడు పనులు

కొనే ముందు ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

ఎఫ్ఎం (87.5 - 108 మెగాహెర్ట్జ్): స్పష్టంగా వినిపిస్తుంది. కానీ దాదాపు కంటిచూపు గీతలోనే వెళ్తుంది కాబట్టి కొన్ని పదుల కిలోమీటర్లు దాటదు. మీ ఊరి ట్రాన్స్‌మిటర్ ఆగితే కథ ముగిసినట్టే.

మీడియం వేవ్ (531 - 1602 కిలోహెర్ట్జ్): పగలు నేలను అంటుకుని ప్రయాణిస్తుంది. రాత్రయితే ఆకాశంలోని అయనోస్ఫియర్ నుంచి తిరిగొచ్చి వందల కిలోమీటర్లు దాటుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ అని పెద్దవాళ్లకు నోటికొచ్చే అంకెలు ఇక్కడివే.

షార్ట్‌వేవ్ (3 - 30 మెగాహెర్ట్జ్): అయనోస్ఫియర్‌కూ భూమికీ మధ్య బంతిలా ఎగురుతూ ఖండాలు దాటుతుంది. పగలు 15 మెగాహెర్ట్జ్, ఆ పై బ్యాండ్లు బాగుంటాయి. రాత్రి 6, 7, 9 మెగాహెర్ట్జ్ దగ్గర సందడి ఎక్కువ.

ఒక నిజం చెప్పాలి. తుపాను వేళ ‘ఫలానా వంతెన మూసేశారు, ఫలానా స్కూల్లో పునరావాస కేంద్రం ఉంది’ అని తెలుగులో చెప్పేది మన ఆకాశవాణి మీడియం వేవ్, ఎఫ్ఎం స్టేషన్లే. షార్ట్‌వేవ్‌లో ఇప్పుడు ఎక్కువగా దొరికేవి విదేశీ స్టేషన్లు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు కూడా 2020 జనవరితో ఆగిపోయాయి. కాబట్టి షార్ట్‌వేవ్ అనేది మనకు రెండో రక్షణ. దగ్గరి స్టేషన్లన్నీ మూగబోయినప్పుడు బయటి ప్రపంచం ఏమంటోందో వినడానికి. ‘షార్ట్‌వేవ్ ఉంది, మీడియం వేవ్ లేదు’ అనే రేడియోను మాత్రం ఎమర్జెన్సీ కోసం కొనకండి. మూడూ ఉండాల్సిందే.

నేను చేసిన తప్పు

మొదటి జీతంతో ఒక రేడియో కొన్నాను. డబ్బా మీద ‘12 బ్యాండ్’ అని పెద్దక్షరాలు. బ్లూటూత్, పెన్‌డ్రైవ్, టార్చి, రంగుల లైట్లు అన్నీ ఉన్నాయి. ఇంటికి తెచ్చి షార్ట్‌వేవ్ పెడితే ఒక స్టేషన్ మీద ఇంకోటి, దాని మీద గుయ్యిమనే శబ్దం. సూది వెంట్రుకవాసి కదిపితే స్టేషన్ మాయం. అదైనా సర్దుకుపోవచ్చు. బ్యాటరీ లోపలే అతికించేశారు. ఒక వానాకాలం రాత్రి కరెంటు పోయింది. రేడియోలో చార్జింగ్ లేదు. కరెంటు పోయినప్పుడు వాడటానికి కొన్న వస్తువుకు కరెంటు కావాల్సి వచ్చింది!

ఆ డబ్బులు ఊరికే పోలేదు. కింద రాసినవన్నీ ఆ దెబ్బతో నేర్చుకున్నవే.

కొనేటప్పుడు చూడాల్సినవి

1. బ్యాటరీ: అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. కిరాణా కొట్లో దొరికే మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడవాలి. లేదంటే బయటికి తీసి మార్చుకోగల బ్యాటరీ, దానికి ఒక స్పేర్ ఉండాలి. లోపల అతికించిన బ్యాటరీ ఒక్కటే దిక్కయితే ఆ మోడల్ వదిలేయండి.

2. డిజిటల్ డిస్‌ప్లే: ‘837’ అని అంకె కనిపిస్తే చాలు, ఇంట్లో పదేళ్ల పిల్లాడైనా స్టేషన్ పెట్టగలడు. నంబర్లు నొక్కే కీప్యాడ్, స్టేషన్ మెమరీ ఉంటే ఇంకా మంచిది. కంగారులో సూదిని వెతుక్కుంటూ కూర్చోలేం.

3. డీఎస్‌పీ చిప్: ఇప్పుడు వచ్చే చాలా చిన్న రేడియోల్లో సిగ్నల్‌ను డిజిటల్‌గా శుద్ధి చేసే చిప్ ఉంటోంది. అందుకే తక్కువ ధరలోనూ పక్కపక్క స్టేషన్లు విడివిడిగా వినిపిస్తాయి. చౌక అనలాగ్ రేడియోలో ఇది కష్టం.

4. మీడియం వేవ్ స్టెప్: మన దగ్గర స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. అమెరికాలో 10. బయటి నుంచి తెప్పించే సెట్‌లో 9 సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి.

5. షార్ట్‌వేవ్ రేంజ్: సుమారు 2.3 నుంచి 22 మెగాహెర్ట్జ్ దాకా మధ్యలో ఖాళీలు లేకుండా ఉంటే మంచిది. ‘10 బ్యాండ్, 12 బ్యాండ్’ అన్న అంకెను చూసి మోసపోవద్దు.

6. ఎస్‌ఎస్‌బీ: హామ్ రేడియో ఆపరేటర్ల మాటలు అర్థమయ్యేలా వినాలంటే కావాల్సిన సదుపాయం. ఉంటే మంచిదే, ధర పెరుగుతుంది. మొదటి రేడియోకు తప్పనిసరి కాదు.

7. తిప్పే హ్యాండిల్, సోలార్ ప్యానెల్: చూడ్డానికి బాగుంటాయి. అదనపు ఆసరాగా పర్లేదు కానీ, వాటిని నమ్ముకుని రేడియో నాణ్యతలో రాజీ పడొద్దు. నాలుగు సెల్స్ అదనంగా కొని దాచుకోవడం అంతకంటే తేలిక.

మోడళ్లు చెప్పమంటారా? పెన్సిల్ సెల్స్‌తో నడిచేవాటిలో టెక్సన్ పీఎల్-310ఈటీ, పీఎల్-380 పేరున్నవి. రెండింటికీ మూడు సెల్స్ చాలు, ఎస్‌ఎస్‌బీ ఉండదు. ఎస్‌ఎస్‌బీ కావాలంటే టెక్సన్ పీఎల్-330, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 చూడొచ్చు. ఇవి మార్చుకోగల రీచార్జబుల్ బ్యాటరీతో నడుస్తాయి, కాబట్టి స్పేర్ తప్పక కొనండి. ధరలు అమ్మేవాళ్లను బట్టి బాగా మారతాయి. నాలుగు చోట్ల పోల్చి, రిటర్న్ సౌకర్యం ఉన్నచోటే కొనండి. అంత బడ్జెట్ లేదా? ఫర్వాలేదు. మీడియం వేవ్, ఎఫ్ఎం ఉండి పెన్సిల్ సెల్స్‌తో నడిచే మామూలు రేడియో కూడా ఏమీ లేకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

కొన్నాక చేయాల్సినవి

రేడియో రాగానే గది మధ్యలో పెట్టి ‘ఏమీ రావట్లేదు’ అనకండి. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు వెదజల్లే రొద స్టేషన్లను మింగేస్తుంది. కిటికీ దగ్గరికో, మేడ మీదికో తీసుకెళ్లండి. తమాషా ఏంటంటే, వీధి మొత్తం కరెంటు పోయినప్పుడు ఈ రొద కూడా పోతుంది. రేడియో బాగా వినిపించేది అప్పుడే.

పొడవాటి యాంటెన్నా ఎఫ్ఎం, షార్ట్‌వేవ్‌లకే. మీడియం వేవ్‌కు లోపల ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. అందుకే మీడియం వేవ్ వినేటప్పుడు రేడియోనే అటూ ఇటూ తిప్పాలి. షార్ట్‌వేవ్ బలహీనంగా ఉంటే అయిదారు మీటర్ల ఇన్సులేటెడ్ వైరును యాంటెన్నాకు క్లిప్‌తో తగిలించి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం బయట కట్టిన వైరును ముందే తీసేయాలి. కరెంటు తీగల ఛాయలకు కూడా ఆ వైరు వెళ్లకూడదు.

మీ ఇంట్లో పగలు ఏ స్టేషన్లు వస్తున్నాయి, రాత్రి ఏవి వస్తున్నాయి అన్నది ఓ చీటీ మీద రాసి రేడియో వెనక అతికించండి. ట్రాన్స్‌మిటర్లు ఆగిపోవడం, మారడం జరుగుతుంటుంది కాబట్టి ఆర్నెల్లకోసారి సరిచూసుకోండి. వాడనప్పుడు సెల్స్ బయటికి తీసి పక్కన పెట్టండి. మా తాతయ్య రేడియో నేర్పిన పాఠం ఇదే.

ఇందులో కెరియర్ ఎక్కడుంది?

ఉద్యోగాల పేజీలో రేడియో గోల ఏంటనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నా.

సూపర్‌హెటిరోడైన్ రిసీవర్ బొమ్మ గీసి, ‘ఇమేజ్ ఫ్రీక్వెన్సీ’ నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనలో చాలామందిమి. నా మొదటి ఇంటర్వ్యూలో అదే అడిగారు. నిర్వచనం చెప్పాను. ‘మీరెప్పుడైనా విన్నారా?’ అన్నారు. అదృష్టం కొద్దీ విన్నాను. పాత అనలాగ్ సెట్‌లో 11,800 కిలోహెర్ట్జ్ దగ్గరి బలమైన స్టేషన్ 10,890 దగ్గర కూడా వినిపించేది. తేడా 910. అంటే 455కు సరిగ్గా రెట్టింపు. ఆ సెట్ ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ అదే. ఈ సంగతి చెప్పాక ఇంటర్వ్యూ పరీక్షలా కాకుండా కబుర్లలా సాగింది.

రేడియో కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది. బ్రౌజర్‌లోనే, ఉచితంగా, అక్కడి రిసీవర్‌ను మీరు ట్యూన్ చేసి షార్ట్‌వేవ్ వినొచ్చు. స్పెక్ట్రమ్ కళ్ల ముందు కదులుతుంటే కమ్యూనికేషన్స్ సబ్జెక్టు కొత్తగా అర్థమవుతుంది.

ఇంకో అడుగు వేస్తానంటే హామ్ లైసెన్స్ ఉంది. టెలికాం శాఖ పరీక్ష పాసై లైసెన్స్ తీసుకోవాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. వినడానికి లైసెన్స్ అక్కర్లేదు, ప్రసారం చేయడానికి మాత్రం తప్పనిసరి. దీని విలువేంటో 2004 డిసెంబరు 26న తెలిసింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో హామ్ కార్యక్రమం నిర్వహిస్తుండగానే సునామీ వచ్చింది. మామూలు ఫోన్లు పనిచేయని వేళ, సరదా కోసం తీసుకెళ్లిన ఆ పరికరాలే పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేశాయి.

రెజ్యూమెలో ఒక లైను కోసమే రేడియో కొనమని నేననను. కానీ హాబీగా మొదలైంది మీ చేత నిజంగా చేయించిన పని గురించి చెప్పుకోగలిగితే, ఎదుట కూర్చున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ‘రేడియో టెస్ట్’. అమ్మే సెల్స్ వేస్తుంది, 927 పెడుతుంది, రెండు నిమిషాలు వింటుంది, మళ్లీ సెల్స్ తీసి కవర్లో పెడుతుంది. మొన్న చెల్లి నవ్వింది: ‘ఫోన్లో అన్నీ వస్తున్నాయి కదమ్మా!’ అని. అమ్మ నవ్వలేదు. ‘ఆ రోజు బాబాయ్ ఆపకపోతే మీ నానమ్మను ఆ తీగల మధ్య నడిపించేదాన్ని’ అంది.

మీ ఇంటి అటక మీద కూడా ఒక పాత రేడియో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దింపి చూడండి. పనిచేస్తే అదృష్టం. లేదంటే ఏం కొనాలో ఇప్పుడు మీకు తెలుసు.