జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు ప్యాకేజీ మేనేజరు: ఎంపిక ఎలా?

మీ కంప్యూటర్లో చక్కగా నడిచిన ప్రాజెక్టు కాలేజీ ల్యాబ్‌లో మొరాయించిందనుకోండి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మరి మారిందేమిటి?

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో మనం స్వయంగా రాసేది కొంతే. మిగిలినదంతా ఇతరులు రాసి అందరికీ అందుబాటులో ఉంచిన ప్యాకేజీలు. ఒక ప్యాకేజీకి మరో నాలుగు కావాలి, ఆ నాలుగింటికి ఇంకొన్ని. వీటన్నింటినీ తెచ్చి అమర్చే సాధనమే ప్యాకేజీ మేనేజరు. 2010లో వచ్చిన ఎన్‌పీఎం వీటిలో బాగా తెలిసినది.

ఈ గొలుసు ఎంత సున్నితమో 2016 మార్చిలో తెలిసివచ్చింది. అక్షరాల వరుసకు ఎడమవైపు ఖాళీలు చేర్చే లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీలో ఉన్నది 11 వరుసల కోడ్. వేరొక ప్యాకేజీ పేరుపై వచ్చిన వివాదంతో రచయిత తన ప్యాకేజీలన్నీ ఉపసంహరించుకున్నాడు. దాని పేరైనా వినని వాళ్ల ప్రాజెక్టులు కూడా ఆగిపోయాయి!

ఇక మన ప్రశ్నకు వద్దాం. ప్యాకేజీ సంఖ్యను మీరు ^4.2.0 అని రాస్తే, '4.2.0 గాని, 5.0.0 కంటే తక్కువైన కొత్తది గాని ఫరవాలేదు' అని అర్థం. మీరు జూన్‌లో తెచ్చుకున్నది 4.2.0, ల్యాబ్‌లో ఆగస్టులో వచ్చినది 4.3.1 కావచ్చు. అందుకే అసలు ఏ సంఖ్య వచ్చిందో నమోదు చేసే లాక్ ఫైలు కావాలి. 2016లో ఫేస్‌బుక్ విడుదల చేసిన యార్న్ దీన్ని మొదటి నుంచీ తానే తయారుచేసింది. ఎన్‌పీఎం 2017లో ఆ దారి పట్టింది. లాక్ ఫైలును కోడ్‌తో పాటే భద్రపరచాలి. ల్యాబ్‌లో 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' బదులు 'ఎన్‌పీఎం సీఐ' వాడితే అందులో ఉన్నదే వస్తుంది.

రెండో చిక్కు కాస్త దొంగచాటుది. మీరు కోరినది 'అ' అనే ప్యాకేజీ. దాని కోసం 'ఆ' వచ్చింది. ఎన్‌పీఎం సాధారణంగా రెండింటినీ ఒకే అరలో పేరుస్తుంది కాబట్టి, జాబితాలో రాయకుండానే 'ఆ'ను మీరు వాడేసుకోగలరు. రేపు 'అ' రచయిత 'ఆ'ను మానేస్తే మీ కోడ్ కూలుతుంది. పీఎన్‌పీఎం పై అరలో మీరు రాసినవే ఉంచుతుంది కనుక తప్పు మొదటి రోజే బయటపడుతుంది. పైగా ఒక్కో ప్యాకేజీని డిస్కులో ఒకేచోట దాచి, అన్ని ప్రాజెక్టులకూ లింకులిస్తుంది. పాత హార్డ్ డిస్కులున్న ల్యాబ్‌లకు ఇది చిన్న మేలు కాదు.

మూడోది భద్రత. కొన్ని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అవుతూనే తమ స్క్రిప్టులను నడుపుతాయి. 2025 సెప్టెంబరులో ఒక పురుగు ఈ దారినే చొరబడి రహస్య సంకేతాలను దొంగిలించి, వాటితోనే మరిన్ని ప్యాకేజీలకు పాకింది. పీఎన్‌పీఎం 2025లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి మీరు అనుమతించనిదే ఆ స్క్రిప్టులను నడపదు. విడుదలైన కొంతకాలం తర్వాతే కొత్త ప్యాకేజీని స్వీకరించమని కూడా దానికి చెప్పవచ్చు.

వేగం గురించి జరిగే పోటీలకు నేను అంత విలువ ఇవ్వను. అందులో బన్ దిట్టే. కానీ మీ ప్రాజెక్టు చిన్నదైతే ఆదా అయ్యేవి కొన్ని క్షణాలు. నేర్చుకునేవారికి ఎన్‌పీఎం చాలు. ఒకే చోట అనేక ప్రాజెక్టులు నడిపే బృందానికి పీఎన్‌పీఎం మేలని నా అభిప్రాయం. ఇతరుల ప్రాజెక్టులో చేరితే మాత్రం ముందు లాక్ ఫైలు ఎవరిదో చూడండి. యార్న్‌దైతే యార్న్‌నే వాడండి. రెండు రకాల లాక్ ఫైళ్లు పక్కపక్కనే కనిపిస్తే, ఏది నిజంగా వాడుకలో ఉందో బృందాన్ని అడిగి రెండోదాన్ని తీసేయండి.