బొమ్మ ఊరు దాటిన విధం

పిల్లలూ! మీరు బొమ్మలు గీస్తారు. పాటలు పాడతారు. కథలు రాస్తారు. ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటే సంతోషం కలుగుతుంది. ఇంకా పదిమందికి చూపించాలనిపిస్తుంది. ఈనాడు ఇంటర్నెట్టు ఉన్నది గనుక ఆ పని నిమిషంలో అవుతుంది. అది లేని కాలంలో ఒక చిత్రకారుడు తన బొమ్మలను దేశదేశాలకు ఎలా చేర్చాడో తెలుసుకుందాం.

ఆయన పేరు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. 1471లో జర్మనీలోని న్యూర్న్‌బెర్గ్ నగరంలో జన్మించాడు. తండ్రి బంగారు పని చేసేవాడు. డ్యూరర్ మొదట ఆ పనే నేర్చుకున్నాడు. తరువాత చిత్రకళ వైపు వచ్చాడు.

రంగులతో వేసిన చిత్రం ఒక్కటే ఉంటుంది. అది ఒక ధనవంతుని ఇంట్లోనో, చర్చిలోనో ఉండిపోతుంది. అక్కడికి వెళ్ళినవారే దానిని చూడగలరు. అందుకని డ్యూరర్ మరొక మార్గం కూడా పట్టాడు. అదే చెక్క అచ్చు.

మన బందరు దగ్గర పెడనలో గుడ్డల మీద అద్దకం వేస్తారు. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు అద్ది, గుడ్డ మీద ఒత్తుతారు. డ్యూరర్ పద్ధతి కూడా అలాంటిదే. చెక్క మీద గీతలు మాత్రం ఎత్తుగా నిలిచేటట్లు మిగిలిన భాగం తొలిచివేస్తారు. గీతలకు సిరా పూసి కాగితం మీద అచ్చు వేస్తారు. ఒక్క చెక్కతో వందల ప్రతులు తీయవచ్చు. అవి తక్కువ ధరకు దొరుకుతాయి. ఎంత దూరమైనా తీసుకొనిపోవచ్చు.

1498లో డ్యూరర్ 15 పెద్ద చెక్క అచ్చు బొమ్మలతో, బైబిలులోని చివరి భాగాన్ని పుస్తకంగా వెలువరించాడు. జర్మను భాషలో ఒకటి, లాటిను భాషలో ఒకటి అచ్చు వేశాడు. ఆయన భార్య ఆగ్నెస్ ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు వెళ్ళి ఆయన బొమ్మలు అమ్మేది. డ్యూరర్ పేరు ఇటలీ దాకా పాకింది.

ఆయన బొమ్మల మీద ఒక గుర్తు ఉంటుంది. పెద్ద ‘ఏ’ అక్షరం, దాని కాళ్ళ నడుమ చిన్న ‘డి’. ఆ గుర్తు చూస్తే చాలు, బొమ్మ ఎవరిదో తెలిసేది. పేరు పెరిగేసరికి నకళ్ళు కూడా పుట్టాయి. ఇటలీలో మార్కాంటోనియో రైమొండి అనే కళాకారుడు ఆయన బొమ్మలను రాగిరేకులపై చెక్కి, ఆ గుర్తుతో సహా అచ్చు వేశాడు. న్యూర్న్‌బెర్గ్‌లోనే ఒకడు దొంగగుర్తుతో బొమ్మలు అమ్మసాగాడు. ఆ గుర్తులు తీసివేయాలనీ, లేకుంటే సరుకు స్వాధీనం చేసుకుంటామనీ 1512లో నగరసభ ఆజ్ఞాపించింది. నేటి జర్మనీ చట్టం కళాకారునికి ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ అతడు మరణించిన తరువాత కూడా 70 ఏళ్ళు ఉంటుంది.

ఇంకొక సంగతి వినండి. 1515లో గుజరాత్ సుల్తాను బహూకరించిన ఖడ్గమృగం ఓడలో లిస్బన్ నగరం చేరింది. డ్యూరర్ దానిని చూడనేలేదు. ఎవరో పంపిన వర్ణననూ, రేఖాచిత్రాన్నీ ఆధారం చేసుకొని బొమ్మ గీశాడు. ఒంటికి కవచం తొడిగినట్లు చూపాడు. వీపు మీద లేని చిన్న కొమ్ము పెట్టాడు. ఆ బొమ్మ ఐరోపా అంతటా వ్యాపించింది. ఖడ్గమృగం అలాగే ఉంటుందని జనం రెండు వందల ఏళ్ళకు పైగా నమ్మారు. చూశారా! అచ్చు గొప్పతనాన్ని మోసినట్లే పొరపాటునూ మోస్తుంది.

ఇంటర్నెట్టు డ్యూరర్ చెక్క కంటె ఎన్నో రెట్లు వేగం గలది. అందులో పెట్టినదాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. కనుక మీ పని మీద మీ గుర్తు ఉంచండి. ఇతరుల పని వాడుకోవలసివస్తే అనుమతి అడిగి, వారి పేరు చెప్పండి. రాసినది నిజమో కాదో ముందే సరిచూడండి. ఇంటి చిరునామా, బడి పేరు బయట పెట్టకండి. తల్లిదండ్రులకు చెప్పి చేయండి. చూసినవారు నలుగురే అయినా దిగులుపడక తరువాతి బొమ్మకు పూనుకోండి. మంచి పనికి మెల్లగానైనా ఆదరణ లభిస్తుంది.

డ్యూరర్ 1509 నుంచి 1528లో మరణించేవరకు నివసించిన ఇల్లు న్యూర్న్‌బెర్గ్‌లో నేటికీ ఉన్నది. అది ఇప్పుడు మ్యూజియం. వీలైనప్పుడు వెళ్ళి చూడండి. ఆ గుర్తు ఎక్కడ కనబడుతుందో వెతకండి.