బి. ఎం. డబ్ల్యు. కారు: కొనుటయు, నిలుపుకొనుటయు

ఏలూరినుండి తాడేపల్లిగూడెము వైపు పోవు 16వ నెంబరు జాతీయ రహదారిపై, నీలము తెలుపు రంగుల గుండ్రని ముద్రగల కారు కనబడినపుడు మన బాలురు తల త్రిప్పి చూచుట మే మెఱుగుదుము. కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు కలిసివచ్చిన యిండ్లలోను, కుమారులు విదేశముల నున్న యిండ్లలోను ఇట్టి కారు కొనవలెనను ముచ్చట పుట్టుచున్నది. క్రొత్తదానికి శక్తి చాలనివారు వాడినదానిని వెదకుచున్నారు. ఆ కారెట్టిదో, మన నీటి సీమలో దాని నెట్లు కాపాడుకొనవలెనో కొంత వ్రాయుచున్నాము.

ఆ మూడక్షరములు బవేరియా మోటారు కర్మాగారమని యర్థమిచ్చు జర్మను మాటలకు మొదటి యక్షరములు. ముద్రలోనివి బవేరియా రాజ్యపు రంగులు. అది తిరుగుచున్న విమానపు ఱెక్కయను కథ తరువాత పుట్టినది. అయినను విమానములతో సంబంధము లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈ సంస్థ చేసినవి విమానపు ఇంజనులే. యుద్ధానంతరము ఆ పని నిషేధింపబడగా 1923లో మోటారు సైకిలు చేసెను. 1928లో ఐసెనాఖ్ పట్టణపు కర్మాగారమును కొని, అచట ఇంగ్లండువారి ఆస్టిన్ సెవెన్ నమూనాపై తయారగుచుండిన చిన్నకారుతో కార్ల వ్యాపారమున ప్రవేశించెను. మన దేశమున 2007లో చెన్నపట్టణము చేరువను కర్మాగారము తెఱచి కార్లను కూర్ప నారంభించిరి.

ఈ కారుపై ప్రీతిగలవారు ముఖ్యముగా మెచ్చునది వరుసగా నిలిచిన ఆరు సిలిండరుల ఇంజను. ముందు మూడింటి కదలికకు వెనుక మూడింటి కదలిక అద్దములోని బింబమువలె నుండుటచే ఒకదాని కుదుపును మఱొకటి అణచును. ఇక బరువు ముందు వెనుకల చక్రములపై సమముగా పడునట్లు చూతురు. అందుకై పెక్కు నమూనాలలో బ్యాటరీని వెనుక డిక్కీలో నుంచిరి. చిన్న నమూనాలలో కొన్నింటికి నాలుగు సిలిండరులును, ముందు చక్రముల నడకయు గలవు. ముద్రను మాత్రమే చూచి కొనువారికి ఈ భేదము తెలియదు.

వాడిన కారు వెల ఏటేట పడిపోవును గాని, దాని భాగముల వెల పడదు. సగము వెలకో, పాతిక వెలకో కొన్నవానికిని నీటిపంపు క్రొత్త కారు వెలకు తగినట్లే దొరకును. కొనువెలలో ఐదవ పాలైనను మరమ్మతులకు ప్రక్కన పెట్టలేనివారు కొనకుండుట మేలని మా యభిప్రాయము. బిడ్డల కళాశాల జీతమునకు దాచిన సొమ్ము ఇందుకు ముట్టదగినది కాదు.

ఇంజనును చల్లబఱచు భాగములు మొదట చూడవలెను. 1998లో వెలువడిన త్రీ సిరీస్ కార్లలో నీటితొట్టి మొదలగునవి ప్లాస్టిక్కువి. ఏండ్ల వేడికి అవి పెళుసెక్కి ఒకనాడు పగులును. రోహిణి కార్తె యెండలో నీరు కారిపోయిన పిదపను బండి నడిపితిమా, అల్యూమినియపు సిలిండరు తల వంగును. అనుభవజ్ఞులు లక్ష కిలోమీటరులకు లోపుగనే, చెడకమునుపే, వీనినన్నిటిని ఒక్కమారు మార్పింతురు. మన డెల్టాలో పెక్కుచోట్ల బోరునీరు ఉప్పన. అది పోసినచో లోపల తుప్పును, పెచ్చును కట్టును. కూలెంటులో స్వేదనజలమే కలుపవలెను.

డీసెలు కొనువారి కొక హెచ్చరిక. 2007 మొదలు కొన్ని యేండ్లు చేసిన రెండు లీటరుల ఇంజనులో టైమింగు గొలుసు వెనుక, గేరుపెట్టె వైపున నున్నది. అది అరిగినచో మార్చుట పెద్ద పని. తెగినచో ఇంజనే పోవును. కావున ఉదయమున చల్లని ఇంజనును మీ యెదుటనే స్టార్టు చేయించి, వెనుకనుండి గలగల శబ్దము వచ్చునేమో వినుడు. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచినచో మఱునాడు రండు.

మన ప్రాంతమున అన్నిటికన్న భయము వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లుపడి విజయవాడలో పేటలకు పేటలు మునిగినపుడు కార్లును మునిగినవి. అట్టి బండి కడిగి మెఱుగుపెట్టి చవుకగా అమ్మజూపిన కనుగొనుట కష్టము. సీటుబెల్టును కడదాక లాగి బురదచార చూడుడు. తివాచీ లేపి వాసన చూడుడు. సీట్ల పట్టాల తుప్పు చూడుడు. ఈ కార్లలో విద్యుత్పరికరములు సీట్ల క్రిందను, డిక్కీ యడుగునను గూడ నుండును గావున నెలలు గడచినపిదప గూడ ఒక్కొక్కటిగా చెడుచుండును. బీమా క్లెయిముల చరిత్ర అడుగుటకు మొగమాటము వలదు.

ఏలూరు కైకలూరు మార్గముపై కొల్లేటి నీరు పొంగి పాఱునపుడు లారీ వెంట పోవచ్చునని తలపకుడు. గాలి పీల్చు గొట్టమున నీరు చొచ్చినచో, నీరు గాలివలె నణగదు గనుక, లోని కడ్డీలు వంగును. నీట ఆగిన బండిని మరల స్టార్టు చేయకుడు. అట్లు చేసి చెఱచుకొన్న ఇంజనుకు సామాన్యపు బీమా తఱచు చెల్లదు; ఇంజను రక్షణయను అదనపు షరతు వేఱుగా కొనవలెను. బండిని త్రోయించి మెట్టకు చేర్చి, బ్యాటరీ తీగ విప్పి, నీరెంత యెత్తు వచ్చెనో ఫోటోలు తీసి, నాలుగు చక్రములును నేలనుండి లేచునట్లు బల్లబండిపై నెక్కించి వర్క్‌షాపునకు పంపుడు.