నొప్పి లేని యకృత్పరీక్ష



వైద్యగ్రంథములలో యకృత్తనియు, మన కొండగట్టు ప్రాంతపు పల్లెలలో కార్జమనియు పిలువబడు అవయవము కుడివైపు ప్రక్కటెముకల మాటున నుండును. దానికి మౌనము స్వభావము. చాలభాగము గట్టిపడినను నొప్పి తెలియకపోవచ్చును. కన్నులు పచ్చబడి, కడుపు నీరుపట్టిన పిమ్మట వైద్యుని వెదకువారు మనలో పెక్కుమంది. అప్పటికి కాలము మించిపోవుచున్నది.

పూర్వము ఆ గట్టిదనము తెలియవలెనన్న సూది గ్రుచ్చి ముక్క తీయవలసి యుండెను. నేటికిని కొందరికి అది తప్పదు. కాని 2003 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున ఫైబ్రోస్కాన్ అను యంత్రము వెలువడిన తరువాత అనేకులకు ఆ బాధ తప్పినది.

కుండ కొనునపుడు వ్రేలితో తట్టి చూతుము గదా! ఈ యంత్రము పనియు అట్టిదే. చర్మముపై నుంచిన పిడి మెల్లగా తట్టును. ఆ తట్టుకు కాలేయములో ఒక అల పుట్టును. మెత్తని కాలేయమున అల మెల్లగాను, గట్టిదానిలో వడిగాను సాగును. చెవికి వినబడని ధ్వనితో యంత్రము ఆ వేగమును కొలుచును. ఎక్స్‌రే కిరణములు ఇందులో లేవు. రాళ్లను, ఆకారమును చూపు మామూలు స్కానింగు వేరు. వైద్యుడు రెండును వ్రాయవచ్చును.

పరీక్షకు ముందు కనీసము మూడు గంటలు ఏమియు తినరాదు. తిన్నచో కాలేయమునకు రక్తప్రవాహము హెచ్చి లెక్క తప్పుగా పెరుగును. చాయ ఆహారము కాదని వాదించువారు కలరు. పాలు, చక్కెర కలిసినది ఆహారమే. వెల్లకిల పరుండి కుడిచేయి తలక్రిందికి చేర్చవలెను. చల్లని జిగురు పూసి, ప్రక్కటెముకల సందున పది మారులు తట్టుదురు. పది నిమిషములలో ముగియును. మత్తు లేదు; వెంటనే ఇంటికి పోవచ్చును. గర్భిణులును, గుండెకు యంత్రము అమర్చుకొన్నవారును ముందే చెప్పవలెను. కడుపున నీరు చేరినవారికి ఈ తట్టు లోనికి సరిగా అందదు. ఆలస్యము చేసినవారికి ఈ సులభమార్గము మూసికొనిపోవునని దీని యర్థము.

ఫలితము కిలోపాస్కల్ అను కొలతలో వచ్చును. ఆరింటికి లోపున్న సాధారణముగా భయము లేదు. పండ్రెండు దాటిన గట్టిగా అనుమానింపవలెను. అయితే కామెర్లు ముదిరియున్న సమయమున అంకె ఊరక పెరుగును గనుక కాగితము చూచి మీరే తీర్పు చెప్పుకొనకుడు.

కొండగట్టు దీక్ష పూని 41 దినములు కల్లు మానినవారు కార్జము బాగుపడినదా యని అడుగుదురు. గట్టిదనము కొంత తగ్గవచ్చును; మాల తీసిననాడే మరల సీసా పట్టిన ఆ మేలు నిలువదు. త్రాగనివారికి భయము లేదనుటయు సరికాదు. మధుమేహము, స్థూలకాయము, హెపటైటిస్ బి, సి అను వ్యాధులు గలవారికిని ఈ పరీక్ష అవసరము కావచ్చును.

జగిత్యాలలోగాని కరీంనగరములోగాని వైద్యుని చూచి, యంత్రమెచ్చట నున్నదో అడిగి పొండు. పసరుమందు త్రాగియున్నచో ఆ మాట దాచకుడు. పాత కాగితములు వెంట తీసికొనిపోయిన, రెండు అంకెలను పోల్చుటకు వైద్యునికి వీలగును.