ద్విభాషా బాలురు - మనశ్శాస్త్ర పరిశోధన పద్ధతి

ధర్మపురి జిల్లాలోని పెరియంపట్టి వంటి గ్రామములలో తెలుగు కుటుంబముల బిడ్డలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడుచు పెరుగుదురు. రెండు భాషల బరువు లేత మనస్సును కుంగదీయునేమో యని తల్లిదండ్రులు శంకించుట సహజము. ఈ శంక తీరనిచో మొదట విడువబడునది ఇంటిభాషయే. కావున ఇట్టి ప్రశ్నను మనశ్శాస్త్రము ఎట్లు పరీక్షించునో తెలిసికొనుట మన కవసరము.

మొదటి మెట్టు ప్రశ్నను స్పష్టపరచుట. రెండు భాషలు చెడుపు చేయునా యనిన చాలదు. ఏ వయస్సువారికి, ఏ శక్తియందు, ఎవరితో పోల్చినపుడు అని నిర్ణయింపవలెను. అట్లు నిర్ణయించి పరీక్షకు ముందే చెప్పిన ఊహకు పరికల్పన యని పేరు.

రెండవ మెట్టు సరియైన పోలిక. 1923లో డి. జె. సేర్ అను పరిశోధకుడు వేల్సు దేశపు గ్రామములలో ద్విభాషా బాలురు బుద్ధిపరీక్షలయందు వెనుకబడిరని ప్రకటించెను. పట్టణములలో మాత్ర మా భేదము కానరాలేదు. దోషము భాషదే యైనచో పట్టణమునందును కనబడవలెను గదా! 1962లో పీల్, లాంబర్టు అనువారు మాంట్రియల్ నగరమున పదేండ్ల బాలురను, కుటుంబస్థితి సమానముగా నుండునట్లు ఎంచి పోల్చగా ద్విభాషులే మెరుగైరి. అయితే రెండు భాషలును సమానముగా వచ్చినవారినే ద్విభాషులుగా గ్రహించుటచే, ఎంపికయే ఫలితమును మార్చెనేమో యను విమర్శ కలిగినది.

మూడవ మెట్టు కారణనిర్ణయము. క్రొత్త బోధనపద్ధతిని పరీక్షింపవలెననిన, చీటీలు వేసి బాలురను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకే దానిని బోధింపవచ్చును. ఇది ప్రయోగము. ఇంటిభాషను చీటీలు వేసి పంచుట సాధ్యము కాదు. అచట పరిశీలనమే శరణ్యము.

అట్టి పరిశీలనము తెలుగునాటను జరిగినది. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ద్విభాషులలో వ్యాధి సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపెను. చదువురానివారిలోను ఈ భేదము కనబడుటచే, ఇది చదువు ఫలమే యనుటకు వీలులేకపోయెను. అయినను ఇది ప్రయోగము కాదు. భాషయే కారణమని దీనివలన సిద్ధింపదు. తరువాతి పరిశోధనములన్నియు ఏకాభిప్రాయమునకు రాలేదు.

రెండు భాషలు బుద్ధిని అద్భుతముగా పెంచునని చాటుట తొందరపాటు. అవి బుద్ధిని చెరచునన్న భయమునకు మాత్రము సరియైన పోలికయందు ఆధారము నిలువలేదు. ఆ భయముచే బిడ్డకు తల్లిభాషను దూరము చేయుట తగదు.