నంది కొండల నుండి గండికోట దాకా

నది అనగానే మన సరిహద్దు గ్రామాల వారికి కృష్ణ, గోదావరులే తలపునకు వస్తాయి. కాని మన చిక్కబళ్లాపురం జిల్లాలోని నంది కొండలు కూడా నదులకు పుట్టినిల్లే. ఉత్తర పినాకిని అనబడే పెన్న ఇక్కడ జన్మించి, గౌరిబిదనూరు మీదుగా ఉత్తరముఖంగా ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు సాగి, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. బాగేపల్లి చెంత పారే చిత్రావతి, ఈ జిల్లాలోనే పుట్టే పాపాఘ్ని వేరు వేరు దారులు పట్టినా, కడప జిల్లాలో పెన్ననే చేరుకొంటాయి.

చింతామణి వద్ద అంబాజీదుర్గం, కైలాసగిరి గుట్టల రాళ్లు గ్రానైటు జాతివి. భూగర్భంలో కరిగిన శిల సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం చల్లారగా ఇవి ఏర్పడినవి. పగుళ్లలో దిగిన నీరు, ఎండవానలు అంచులను అరగదీయగా గుండ్లు నునుపెక్కినవి. గండికోటలో దృశ్యం వేరు. అక్కడ పొరలు పొరలుగా పేరుకొని బండగా మారిన ఇసుకను పెన్న నిలువునా కోసి లోయగా మలచింది.

గ్రానైటు నీటిని పీల్చుకొనదు. దాని పగుళ్లలో, పైమట్టిలో, వాగుల ఇసుకలోనే నీరు నిలుస్తుంది. ఇసుకను తోడివేసి, గుట్టలను పగులగొట్టి, చెరువు కాలువలను పూడ్చివేసినచో వేయి అడుగుల బోరులోనూ నీరు దొరకుట కష్టం. కనుక పిల్లలను గండికోటకు తీసుకొని వెళ్లదలచిన తల్లిదండ్రులు మొదట తమ ఊరి గుట్టను, వాగును, చెరువు కాలువను చూపించాలి. వాటిని కాపాడుకొంటేనే మన బావులలో నీరు, పెన్నలో ప్రవాహం నిలుస్తాయి.